లెసన్ ప్లాన్‌కి మార్కులు దేన్ని చూసి వెయ్యాలి? రాతనా, పిల్లాడినా?

బలపం_ముక్క (చర్చ మొదలుపెట్టినవారు)

నేను ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ని. నా దగ్గర మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఏడుగురు ఉన్నారు. పోయిన వారం పరిశీలనకు ఒకాయన వచ్చారు. ఫైలు తిరగేసి, "లక్ష్యాలు మరీ చిన్నవి, ఫార్మాట్ ప్రకారం లేవు, కొట్టివేతలు ఎక్కువ" అని రాసి వెళ్లిపోయారు. పిల్లలవైపు తలెత్తి చూడలేదు. అదే గదిలో మా నాలుగేళ్ల పాప, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు మాట వినకపోవడం) ఉన్న పిల్ల, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నీళ్లు తాగుతోంది. ఆరు వారాల పని అది. ఆయన చిన్న లక్ష్యం అన్నది దాన్నే.

నేననేది ఒకటే. ప్లాన్ బాగుందా లేదా అన్నది పిల్లలో వచ్చిన మార్పును బట్టి తేల్చాలి, కాగితాన్ని బట్టి కాదు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

నల్లబల్ల_వెనక

నేను కాదంటాను. స్పెషల్ బీఎడ్ విద్యార్థుల ప్లాన్లు దిద్దడమే నా పని కాబట్టి నా మీద కోపం రావచ్చు, పర్లేదు.

పిల్లాడిలో మార్పుకి వంద కారణాలు. ఫిట్స్ మందు మారింది, నెల రోజులు మత్తుగా ఉన్నాడు. వాళ్ల నాన్న పనికోసం వలస వెళ్లాడు, తీసుకొచ్చే దిక్కులేదు. ఆ నెల మార్పు లేకపోతే ప్లాన్ తప్పా? తిరగేసి చూడండి. మూడేళ్ల పిల్లలు మనం ఏమీ చెయ్యకపోయినా కొంత ఎదుగుతారు. ఆ ఎదుగుదల ఒక చెత్త ప్లాన్ ఖాతాలో పడితే ఏం చేస్తారు?

నేను చూసేది ఇది. మీరు రేపు సెలవు పెడితే ఇంకో టీచరు ఆ కాగితం చదివి పాఠం చెప్పగలదా? చెప్పలేకపోతే అది ప్లాన్ కాదు, డైరీ. నా దగ్గరికొచ్చే వాటిలో చాలావరకు "రంగుల గురించి అవగాహన పొందుతాడు" అని ఉంటుంది. అవగాహనను ఏ కంటితో చూడమంటారు? "ఎరుపు, పసుపు, నీలం బిళ్ళలు ముందుంచి ఎర్రది ఇవ్వమంటే, చెయ్యి పట్టించకుండా ఐదుసార్లలో నాలుగుసార్లు తీసి ఇస్తాడు" అని రాయండి, అప్పుడు ఎవరైనా చూడగలరు.

చింతచెట్టు_కింద

ఈ "ఐదుకు నాలుగు" నన్ను చంపేస్తోంది సార్. ఏ ప్లాన్ చూసినా అదే. ఒకసారి "రోడ్డు దగ్గర ఆగమంటే ఐదుకు నాలుగుసార్లు ఆగుతాడు" అని చూశాను. ఐదోసారి సంగతేంటి? లారీవాడు మన ప్లాన్ చదివి వస్తాడా?

నల్లబల్ల_వెనక

ఒప్పుకున్నాను. ప్రమాణం కూడా పనిని బట్టే ఉండాలి. మా విద్యార్థులకు చెప్తాను, మీ లారీ ఉదాహరణతో సహా.

మూడో_గది_అమ్మ

నేను టీచర్ని కాదు. మా బాబుకి ఐదేళ్లు, ఆటిజం. మీరిద్దరూ పోట్లాడుకుంటున్నారు గానీ నా బాధ వేరు.

ఏడాదిగా వాడికి రంగులే. ప్లాన్ సార్ చెప్పినట్టే చక్కగా ఉంది, ఫలితం మేడం చెప్పినట్టే వచ్చింది. ఎర్ర బిళ్ళ అడిగితే ఇస్తాడు. ఇంట్లో ఎర్ర బిళ్ళ ఎవరడుగుతారండీ? నాకు కావాల్సింది, ఆకలేస్తే పళ్లెం వైపు చెయ్యి చూపించడం. ఇప్పటికీ వాడికి ఆకలేస్తే గోడకేసి తల కొట్టుకుంటాడు. రాత బాగుండి, ఫలితం కూడా బాగుండి, ఎందుకూ పనికిరాని ప్లాన్ ఉంటుందని మీ ఇద్దరికీ చెప్పాలనిపించింది.

బలపం_ముక్క

అక్కా, మీరన్నది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. నా ఫైల్లో కూడా రంగుల పాఠాలు మూడున్నాయి. టీఎల్ఎం, అంటే బోధన సామగ్రి, రెడీగా ఉంటుంది కాబట్టి రాసేస్తాం. నిజం.

పాత_ఫైలు

రిటైరయ్యాను, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

"లక్ష్యం చిన్నది" అని ఎవరైనా అనాలంటే పిల్ల ఎక్కడ మొదలైందో తెలియాలి. అది ప్లాన్‌లో ఉండదు, దాని వెనక ఉండే మదింపు పేజీలో ఉంటుంది. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నది, మా రోజుల్లో ఎన్ఐఎంహెచ్, అక్కడ తయారైన, పిల్లకు ఏ పని ఎంతవరకు వచ్చో చూసే ఎఫ్ఏసీపీ చెక్‌లిస్టు మీలో చాలామంది నింపే ఉంటారు. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ప్రీ ప్రైమరీ స్థాయి. దానికి ముందు మేం ఎండీపీఎస్ అనే ఇలాంటి జాబితానే వాడేవాళ్లం, 18 రంగాలు, 360 అంశాలు. అందులో ఏ లేదా బీ, అంతే. వస్తే వచ్చింది, లేకపోతే లేదు. ఎఫ్ఏసీపీలో నాకు నచ్చింది మధ్యలో ఉండే మెట్లు. చెయ్యి పట్టి చేయిస్తే చేస్తుంది. చేసి చూపిస్తే చేస్తుంది. నోటితో చెబితే చాలు. ఏమీ చెప్పక్కర్లేదు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి రావడమూ మార్పే.

కాబట్టి నేను పరిశీలనకు వెళ్తే ముందు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకునేవాణ్ణి. మదింపులో "చెయ్యి పట్టి చేయిస్తే" అని ఉండి ప్లాన్‌లో "సొంతంగా చేస్తుంది" అని ఉంటే అది పెద్ద లక్ష్యం కాదు, అబద్ధం. బలపం_ముక్క గారూ, ఆ మదింపు పేజీ మీ ప్లాన్ వెనక పిన్ చేశారా?

బలపం_ముక్క

లేదండి. అది వేరే ఫైల్లో, బీరువాలో ఉంది. ఆయన అడగలేదు, నేను తీయలేదు.

డాలస్_నాన్న

ఈ గొడవ ఇక్కడ అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కొలరాడోలో ఎండ్రూ అనే ఆటిజం ఉన్న అబ్బాయి కేసు, 2017 తీర్పు. కింది కోర్టు, పిల్లాడికి ఏదో నామమాత్రం కంటే కాస్త ఎక్కువ లాభం ఉంటే చాలంది. సుప్రీంకోర్టు అది చాలదంది. పిల్లాడి పరిస్థితులకు తగిన ప్రగతి వచ్చేలా ఐఈపీ, అంటే ఆ ఒక్క పిల్లాడి కోసం రాసే విద్యా ప్రణాళిక, సహేతుకంగా తయారై ఉండాలంది. నాకర్థమైనంతలో, ఫలితానికి గ్యారంటీ అడగలేదు, అలాగని కాగితం ఉంటే చాలనీ అనలేదు. మీ ఇద్దరికీ సగం సగం.

ఇక్కడంతా బ్రహ్మాండం అనుకోకండి. మా అమ్మాయికి నాలుగేళ్లు, స్కూలు ఇచ్చిన ఐఈపీలో మూడో పేజీలో ఇంకెవరి పిల్లాడి పేరో ఉంది. కాపీ పేస్ట్ అన్నమాట.

చింతచెట్టు_కింద

మీ దగ్గర పిల్లకి మూడేళ్లు నిండితే ఐఈపీ స్కూలు నుంచే చట్టప్రకారం వస్తుంది. మన 2016 దివ్యాంగుల చట్టంలో ఉచిత విద్య హక్కు రాసింది 6 నుంచి 18 ఏళ్లకు. మనం మాట్లాడే పిల్లలు ఆ లెక్కలో లేరు. మా ఊళ్లో వాళ్ల ప్లాన్ అంటే అంగన్‌వాడీ టీచరుకి తోచిందే.

నల్లబల్ల_వెనక

అది వేరే చర్చ, అవసరమైన చర్చే. ఇక్కడ ఒక మాట మిగిలింది. కొట్టివేతలు.

మేడం, కొట్టివేతలు తప్పని రాసినాయనతో నేను ఏకీభవించను. ఆరు వారాల ప్లాన్‌లో ఒక్క గీతా లేకపోతే పిల్ల బడికి రాలేదనో, టీచరు పిల్లని చూడలేదనో అనుకుంటాను. పక్కన తేదీ, ఎందుకు మార్చారో నాలుగు ముక్కలు ఉన్న కొట్టివేతకు మార్కులిస్తాను. మీ దగ్గర తేదీలున్నాయా?

బలపం_ముక్క

గ్లాసు పాఠానికి ఉన్నాయి సార్. మొదట స్టీలు గ్లాసు అని రాశాను, జారిపోయింది, కొట్టేశాను. రెండు చెవుల ప్లాస్టిక్ కప్పు రాశాను. పట్టుకుంది గానీ ఇంట్లో అలాంటిది లేదని వాళ్ల అమ్మమ్మ చెప్పింది. మళ్లీ స్టీలు గ్లాసే, రబ్బరు బ్యాండ్లు చుట్టి, పావు గ్లాసు నీళ్లతో. తర్వాత సగం. ఎత్తడం నేను చేయించి, చివర్లో నోటిదాకా తేవడం మాత్రం తనకి వదిలాను. అక్కణ్ణుంచి వెనక్కి ఒక్కో అడుగూ. మిగతా పాఠాల్లో తేదీల్లేవు. ఉత్త గీతలే.

నల్లబల్ల_వెనక

దానికి పూర్తి మార్కులు. మిగతావాటికి ఆయన చెప్పింది కొంత నిజం.

మూడో_గది_అమ్మ

ఒక్కటి అడగొచ్చా? మా బాబు ఐఈపీ మీద నా సంతకం ఉంది. హాజరు పుస్తకంతో పాటు ఇస్తే పెట్టేశాను, చదవలేదు. మళ్లీ చూపించమంటే చూపిస్తారా?

బలపం_ముక్క

చూపించాలి అక్కా. కాపీ కూడా అడగండి. లక్ష్యాల దగ్గర పళ్లెం సంగతి మీ చేత్తోనే రాయండి, పక్కన తేదీ వెయ్యండి.