ప్రార్థన చేస్తున్నా ధైర్యం రావట్లేదు, మీరెలా నిలబడ్డారు?

గుంటూరు సోదరి:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడై వారానికి మూడు రోజులు డయాలసిస్ నడుస్తోంది. ఒక్కోసారి నాలుగు గంటలు. ఇంటికొచ్చాక సాయంత్రం దాకా లేవలేరు. అన్నిటికంటే ఆయన దాహం చూడలేకపోతున్నాను. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు చెప్పారు. చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి ఇస్తాను. ఆయన గుక్క తీసుకుని వెంటనే మింగకుండా కాసేపు నోట్లోనే ఉంచుకుంటారు.

కుటుంబ ప్రార్థన మానలేదు. కానీ నోరు పలుకుతోంది, మనసు పలకట్లేదు. ఇంటి కూడికకు వచ్చిన ఒకావిడ "విశ్వాసం ఉంటే ఈపాటికి స్వస్థత వచ్చేది" అన్నారు. అప్పటి నుంచి గుడికి వెళ్లాలంటేనే భయం. ఇలాంటి రోజులు చూసినవాళ్లు ఏం పట్టుకుని నిలబడ్డారో చెప్పండి.

మెదక్ చెల్లి:
అక్కా, మా అమ్మ క్యాన్సర్‌తో ఉన్నప్పుడు మాకూ అదే మాట అన్నారు. అమ్మ పోయింది. విశ్వాసం తక్కువై పోయిందంటే నేను ఏనాడూ ఒప్పుకోను. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది వాగ్దాన వచనాలు కాదు, కీర్తనల గ్రంథంలోని ఏడుపు. 13వ కీర్తన "ఇంకెన్నాళ్లు" అని దేవుణ్ణే నిలదీసి చివరికి పాటలోకి వస్తుంది. 88వ కీర్తన అలా కూడా రాదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా అది బైబిల్లో ఉంది, ప్రార్థనగానే ఉంది. అమ్మ మంచం పక్కన కూర్చుని దాన్నే పైకి చదివేదాన్ని. అమ్మ "ఇది నా కోసమే రాసినట్టుందే" అనేది.

ఒంగోలు పెద్దాయన:
అమ్మా, గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు వింటాం కదా. మా సంఘంలో ప్రసంగానికి నాకు ఎక్కువగా ఐదో మాటే ఇస్తుంటారు, "దప్పిగొనుచున్నాను" అన్నది. మీ ఆయన గుక్క నీళ్లు నోట్లో ఉంచుకోవడం చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. ఆ దాహం ప్రభువుకు తెలియనిది కాదమ్మా. దానికి ముందు నాలుగో మాటలో ఆయనే "నా దేవా, నన్నెందుకు విడిచావు" అని 22వ కీర్తన ఎత్తుకున్నాడు. ఎందుకని అడగడం అవిశ్వాసమైతే సిలువ మీద ఆ మాట వచ్చేదే కాదు.

ఇంకో సంగతి. మా వైపు చాలా కుటుంబాల విశ్వాసానికి 1876-78 కరువుతో సంబంధం ఉంది. అప్పుడు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని సహాయం నడిచినంత కాలం ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు పని, కూడు. విశ్వాసం సంగతి ఆ తర్వాతే. కాబట్టి మీ ఇంటికొచ్చి విశ్వాసం కొలిచేవాళ్లను "డయాలసిస్ రోజు మాతో ఆసుపత్రికి వస్తారా" అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, సంఘం ఉన్నది అందుకే.

కువైట్ నర్సు:
అక్కా, నేను డయాలసిస్ వార్డులోనే పనిచేస్తాను. స్వస్థత వచ్చేసిందని ఎవరు చెప్పినా ఒక్క డయాలసిస్ కూడా మానొద్దు. మానేసి ఒళ్లంతా వాచి, ఆయాసంతో వచ్చినవాళ్లను చూశాను. దేవుడు మిషన్ ద్వారా కూడా పనిచేస్తాడు. ఇక దాహానికి: పచ్చళ్లు, అప్పడాలు, ఉప్పు తగ్గిస్తే దాహమూ తగ్గుతుంది. చల్లటి నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయమనండి. ఐసు ముక్క చప్పరిస్తే దాన్నీ నీళ్ల లెక్కలో వేయండి.

మీరు తింటున్నారా, నిద్రపోతున్నారా? ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని "నన్ను చంపెయ్యి" అని అడిగినప్పుడు దేవుడు మందలించలేదు. దూత వచ్చి రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారీ లేపి తినిపించాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. ఇక్కడ మా తెలుగు ఆరాధన శుక్రవారం. ఇంటి బెంగతో నోట మాట రాని రోజుల్లోనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చునేదాన్ని, పక్కవాళ్లు పాడుతుంటే వినేదాన్ని. నేను పాడలేని రోజు నా బదులు వాళ్లు పాడారు. దిగులు మరీ ఎక్కువైతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం. తెలుగులోనూ మాట్లాడతారు.

తెనాలి తమ్ముడు:
అక్కా, డయాలసిస్ పేషెంట్లకు మన రాష్ట్రంలో పెన్షన్ ఉంది, అప్లై చేశారా? లేకపోతే సచివాలయంలో అడగండి. మా నాన్నకు నేనే తిరిగి చేయించాను.

గుంటూరు సోదరి:
అందరికీ వందనాలు. చెల్లీ, నిన్న రాత్రి ఆయనకు 88వ కీర్తన చదివాను. "ఇలాంటిది బైబిల్లో ఉందా" అని ఆశ్చర్యపోయి మళ్లీ చదవమన్నారు. పెద్దాయన గారూ, మా సంఘం పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసి ఆవిడ అన్న మాటా, ఆసుపత్రి ఇబ్బందీ రెండూ చెప్పాను. గురువారం యూత్‌లో ఒక అబ్బాయిని ఆటోతో పంపిస్తానన్నారు. నర్సు చెల్లీ, ఆవకాయ జాడీ మా అక్క వాళ్లింటికి పంపించేశాను. ఈ ఆదివారం నేనూ వెనక బెంచీలో కూర్చుంటాను. తమ్ముడూ, పెన్షన్‌కు డయాలసిస్ సెంటర్ వాళ్లిచ్చే కాగితం సరిపోతుందా, ఇంకేమైనా కావాలా?