టీ ఒలికిన లాప్‌టాప్: 5 వోల్టులు వస్తున్నాయి, 3.3 రావట్లేదు

బోర్డు రిపేరు తెలిసినవాళ్లు ఒక్కసారి చూడండి. మా చెల్లి లాప్‌టాప్ కీబోర్డు మీద టీ ఒలికింది. పాలూ చక్కెరా వేసిన టీ, ఉత్త నీళ్లయినా బాగుండేది. రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టి (నన్నడక్కుండానే!) అప్పుడు నా చేతికిచ్చింది. విప్పేసరికి పచ్చగా చిలుము. బ్యాటరీ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగాను.

బెంచ్ సప్లై నుంచి 19 వోల్టులిస్తే 0.02 ఆంపియర్లే లాగుతోంది, పవర్ బటన్ నొక్కినా మార్పు లేదు. ఇన్‌పుట్ మాస్‌ఫెట్లు (కరెంటుని లోపలికి వదిలే స్విచ్చులు) రెండూ దాటి 19 వస్తోంది. 5 వోల్టుల కాయిల్ దగ్గర 5 ఉంది, 3.3 కాయిల్ దగ్గర సున్నా. షార్టేమోనని సప్లై తీసి గ్రౌండ్‌కి కొలిస్తే కిలో ఓముల్లో ఉంది. ఈ రెండు వోల్టేజీలనూ నడిపే ఐసీలోని చిన్న రెగ్యులేటర్ (ఎల్‌డీఓ) ఇచ్చే 3.3 కూడా బాగానే ఉంది. కానీ కాయిల్ వైపు 3.3ని ఆన్ చేసే ఎనేబుల్ పిన్ను మీద 0.4 వోల్టులే.

ఐసీ కింద మిగిలిన చక్కెర జిడ్డు ఆ లైన్‌ని కిందికి లాగుతోందా, లేక దానికి ఆన్ సిగ్నల్ పంపే ఎంబెడెడ్ కంట్రోలర్ చిప్పే పోయిందా? ఆ రెండు చిప్పుల మధ్యలో ఉన్న రెసిస్టర్ ఊడదీసి రెండువైపులా విడివిడిగా కొలిస్తే తేలుతుందా? స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ బొమ్మ) దొరకలేదు. హాట్ ఎయిర్ (వేడిగాలితో టంకం కరిగించే పరికరం) ఉంది గానీ నా చెయ్యి కాస్త వణుకుతుంది, ఐసీ లేపకుండా తేలే దారి ఏదైనా ఉంటే ముందు అది చెప్పండి.