అప్‌డేట్: ఉక్రెయిన్ సివిల్ కోడ్‌తోనే మొదలుపెట్టాను

ఉక్రెయిన్ ప్రైవేటు చట్టాన్ని (వ్యక్తులు, సంస్థల మధ్య ఒప్పందాలు, ఆస్తి వంటి వ్యవహారాలను నడిపే చట్టాన్ని) యూరప్ చట్టాలతో పోల్చి చదవడానికి సివిల్ కోడ్‌తో మొదలుపెట్టాలా, కమర్షియల్ కోడ్‌తోనా అని లోగడ అడిగాను. సివిల్ కోడే పట్టుకోమన్న మీ సలహా సరైనదని తేలింది. 2004 జనవరి 1న రెండూ కలిసే అమల్లోకి వచ్చినా, కమర్షియల్ కోడ్ 2025 ఆగస్టులో రద్దయింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది యుద్ధకాలపు ఒప్పందాల సమస్య. రష్యా దాడిని అనివార్య పరిస్థితిగా (ఫోర్స్ మెజూర్, అంటే ఒప్పందం నెరవేర్చలేనివారికి బాధ్యత నుంచి మినహాయింపునిచ్చే, తమ చేతిలో లేని పరిస్థితిగా) ధ్రువీకరిస్తూ ఉక్రెయిన్ వాణిజ్య, పరిశ్రమల మండలి 2022 ఫిబ్రవరి 28న లేఖ ఇచ్చినప్పటికీ, ఆ లేఖ ఒక్కటే చాలదని, యుద్ధం వల్లనే ఫలానా బాధ్యతను నెరవేర్చలేకపోయామని సంబంధిత పక్షమే నిరూపించాలని అక్కడి సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. యుద్ధరంగానికి దగ్గరి ఖార్కివ్‌లో గోదాము కూలిపోయిన వ్యాపారినీ, దూరంగా పశ్చిమాన ఉన్న ల్వివ్‌లో పని సాగుతున్న వ్యాపారినీ ఒకే కాగితంతో ఒకే గాటన కట్టకూడదు కదా. ఈ తర్కం నాకు న్యాయంగానే తోస్తోంది.

ఒప్పందం కుదిరాక పరిస్థితులు గణనీయంగా మారినప్పుడు వర్తించే ఉక్రెయిన్ సివిల్ కోడ్ 652వ అధికరణాన్ని ఇప్పుడు జర్మన్ సివిల్ కోడ్ 313వ సెక్షన్ పక్కన పెట్టుకుని చదువుతున్నాను. పక్షాలు రాజీకి రాకపోతే జర్మనీలో ముందు ఒప్పందాన్ని సవరించి నిలబెట్టాలని చూస్తారు. ఉక్రెయిన్‌లో మాత్రం కోర్టు ద్వారా సవరణ అసాధారణ సందర్భాలకే పరిమితం, మామూలుగా రద్దే మార్గం. నా పరిశోధనా వ్యాసాన్ని ఈ తేడా మీదనే రాయబోతున్నాను.