సోమశిల దగ్గర తాతగారి ఇల్లు: ఆరు నెలల గిరాకీతో అతిథిగృహం నిలుస్తుందా?

సోమశిల దారి (ప్రశ్న):
కొల్లాపూర్‌కూ సోమశిలకూ మధ్య మా ఊళ్లో తాతగారు కట్టించిన భవంతి ఇల్లు చాలా ఏళ్లుగా తాళం వేసి ఉంది. నాలుగు గదులు, నడుమ వాకిలి, వెనుక మామిడి తోట ఉన్నాయి. హైదరాబాదు నుంచి సుమారు నాలుగు గంటల ప్రయాణమే కనుక శని, ఆదివారాల్లో అతిథులు దొరుకుతారని నా నమ్మకం. అయితే శ్రీశైలం జలాశయం నిండి ఉన్నప్పుడు కృష్ణ ఒడ్డున కనిపించే జనం, నీరు వెనక్కి పోయే ఏప్రిల్, మే నెలల్లో కనిపించరు. నేను హైదరాబాదులోనే ఉద్యోగం చేస్తూ, ఊళ్లోని ఒక జంటకు నిర్వహణ అప్పగించాలనుకుంటున్నాను. ఈతకొలను లేకపోతే ఎవరూ రారని మిత్రులు అంటున్నారు. ముందుగా డబ్బు దేనిపై పెట్టాలి?

సాగర్ ఒడ్డు:
నాగార్జునసాగర్ సమీపంలో మూడు గదులు నడుపుతున్నాను. గేట్లు ఎత్తిన రోజున ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. చీకటి పడేసరికి వారిలో అత్యధికులు తిరుగు దారి పడతారు. అందుచేత ఒడ్డున కనిపించే జనాన్ని చూసి గదుల లెక్క వేయకండి. ఏడాదికి 52 వారాలు, వారానికి రెండు రాత్రుల చొప్పున 104 రాత్రులు. వాటిలో సగమే నిండుతాయనుకుని, ఆ రాబడితో పనివారి జీతాలు, కరెంటు బిల్లు, మరమ్మతులు గడుస్తాయో లేదో చూడండి. గడవకపోతే మొదలుపెట్టవద్దు.

ఈతకొలను మాట మరిచిపోండి. వారంలో ఐదు రోజులు ఎవరూ దిగని నీటిని శుభ్రంగా ఉంచడానికే మీ లాభం పోతుంది. ఆ డబ్బుతో ప్రతి గదికీ స్నానాలగది, కిటికీలకు దోమల జాలీ, ఇన్వర్టర్ పెట్టించండి. పాత మట్టిగోడలను తొలిచి పైపులు వేస్తే చెమ్మ దిగుతుంది కనుక స్నానాలగదులను వెనుకవైపు విడిగా కట్టి గదులకు కలపడం మేలు.

వేసవి గురించి మీ దిగులు నాకు పూర్తిగా సబబుగా తోచలేదు. అవతలి ఒడ్డున మునిగి ఉండే సంగమేశ్వరాలయం బయటపడేది నీరు తగ్గినప్పుడే. మీ తోటలో కాయ కోతకు వచ్చేదీ అప్పుడే. కొల్లాపూర్ మామిడికి ఉన్న పేరు మీకు నేను చెప్పాలా!

లెక్కల మనిషి:
కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు అనుమతి ఉంది, కానీ యజమాని ఆ ఇంట్లోనే నివసించాలి. మీరు హైదరాబాదులో ఉంటే అది మీకు వర్తించదు. ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు అవసరమవుతుంది. విదేశీయులు బస చేస్తే వారు వచ్చిన 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి.

నల్లగొండ కోడలు:
నీటి గురించి ఎవరూ అడగలేదే! మా జిల్లాలో ఫ్లోరైడ్ చేసిన నష్టం చూసినదాన్ని కనుక చెబుతున్నాను: బోరు నీటిని పరీక్ష చేయించకుండా అతిథికి గ్లాసు అందించవద్దు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నీరు గానీ ఆర్‌వో నీరు గానీ వాడండి.

భోజనంలో నగరపు పట్టికను అనుకరించకండి. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు, కృష్ణ చేపల పులుసు చాలు. ఎంతమంది తింటారో ముందురోజే అడిగి వండితే వృథా ఉండదు. ఇక్కడి నుంచి శ్రీశైలం వెళ్లేవారికి, అమ్రాబాద్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుందని తప్పక చెప్పండి. ఆ సంగతి తెలియక మన్ననూరు గేటు దగ్గర చిక్కుకున్నవారు మిమ్మల్నే తిడతారు.

సోమశిల దారి:
అందరికీ కృతజ్ఞతలు. ఈతకొలను మానుకున్నాను. ముందు రెండు గదులే సిద్ధం చేసి, ఈ వేసవిలో మామిడి కోతల సమయంలో నేనే అక్కడ ఉండి నడిపి చూస్తాను. బోరు నీటి నమూనాను ఈ వారమే పరీక్షకు ఇస్తున్నాను.