షీరాజ్ వెళ్లి పసర్గడే చూడకుండా రావచ్చా?

కాలినడక:
వసంతంలో ఇరాన్ వెళ్లి షీరాజ్‌లో రెండు రోజులు ఉంటాం. ఒక రోజు పాత పర్షియా రాజుల రాజధాని పర్సెపొలిస్, దగ్గర్లోనే కొండలో తొలిచిన రాజుల సమాధులున్న నక్ష్-ఎ రుస్తం. రెండో రోజు ఊళ్లో కవి హాఫిజ్ సమాధి, రంగుటద్దాల నసీరుల్ ముల్క్ మసీదు. మా అన్నయ్య సైరస్ చక్రవర్తి సమాధి ఉన్న పసర్గడే కూడా చూడాలంటున్నాడు. అది షీరాజ్‌కు 130 కిలోమీటర్లు. ఖాళీ మైదానంలో ఒక్క రాతి గది కోసం అంత దూరం పోవాలా?

రాతిపిచ్చి:
అక్కర్లేదు. ఆ పూట కూడా పర్సెపొలిస్‌కే ఇవ్వండి. అపదానా అనే రాజుగారి కొలువు మంటపం తూర్పు మెట్ల చెక్కడాల దగ్గరే నాకు గంటన్నర పట్టింది. 23 ప్రాంతాల వాళ్లు రాజుకు కానుకలు పట్టుకుని బారులు తీరి ఉంటారు. 1930లలో తవ్వి తీసేదాకా మట్టి కింద ఉండబట్టి గడ్డాల ఉంగరాలు కూడా అరగలేదు. అందులో మనవాళ్లను వెతకండి. మనవాళ్లంటే సింధు ప్రాంతం వాళ్లు లెండి. ఒకడి ఒంటి మీద బట్ట లేదు, నడుముకు పంచె, భుజాన కావడి. బుట్టల్లోవి బంగారు పొడి సంచులంటారు. వెనక ఇంకొకడు గాడిదను తోలుకొస్తున్నాడు. మా తాత నీళ్లు మోసిన కావడి గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. పసర్గడేలో చెప్పుకోదగ్గ చెక్కడం ఒక్క నాలుగు రెక్కల మనిషిదే.

ఎండుటాకు:
చెక్కడాలు లెక్కపెట్టుకునే వాళ్లకు పసర్గడే నచ్చదు. పర్షియా సామ్రాజ్యాన్ని స్థాపించిన సైరస్ సమాధి ఆరు అంచెల దిమ్మె మీద వాలు కప్పు గది, నిజమే. కానీ క్రీ.పూ. 330లో మీ పర్సెపొలిస్ ఎవరి చేతుల్లో తగలబడిందో, ఆ అలెగ్జాండరే భారతదేశం నుంచి తిరిగి వెళ్తూ ఈ సమాధి దోపిడీ అయిందని చూసి బాగుచేయించాడు. తర్వాత జనం దీన్ని సొలొమోను తల్లి సమాధి అనుకున్నారు. అలా అనుకోబట్టే ఎవరూ పడగొట్టలేదంటారు.

సమాధి చూసి వెనక్కి తిరగకండి. అవతల తోట ఉంది. చెట్లు ఎప్పుడో పోయాయి, కాలువలు మిగిలాయి. రాయి తొలిచిన సన్నటి కాలువ, కొంత దూరానికొక చదరపు తొట్టె. ఢిల్లీలో హుమాయూన్ సమాధి చుట్టూ తిరిగినవాళ్లు చూడగానే గుర్తుపడతారు.

చాయ్‌బిస్కెట్:
రాళ్ల గొడవ మీరు పడండి. నేనైతే రెండు సాయంత్రాలూ హాఫిజ్ దగ్గరే. ఒక ముసలాయన సమాధి రాతి మీద రెండు వేళ్లు ఆనించి, పెదవులు కదుపుతూ చాలాసేపు అలాగే ఉండిపోయారు. అంతకంటే నాకేమీ అక్కర్లేకపోయింది.

రాతిపిచ్చి:
అలెగ్జాండర్ సంగతి బాగుంది, ఒప్పుకుంటాను. కాలువల దాకా నేను వెళ్లలేదన్నదీ ఒప్పుకుంటాను. కానీ ఉన్నది రెండు రోజులు. రానుపోను 260 కిలోమీటర్లు, పైగా అక్కడ నీడ లేదు.

ఎండుటాకు:
రానుపోను ఎందుకండీ? అది ఇస్ఫహాన్ వెళ్లే దారిలోనే ఉంది. షీరాజ్‌లో పొద్దున్నే సామాను బండిలో వేసుకుంటే పసర్గడే చూసుకుని ముందుకే పోవచ్చు. బండి మాత్రం ముందే మాట్లాడుకోండి. నగదు దగ్గర ఉంచుకోండి, మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు.

కాలినడక:
మూడో రోజు మేం వెళ్లేది ఇస్ఫహానే! పర్సెపొలిస్‌కు పూర్తి రోజు, పసర్గడే దారిలో. అన్నయ్యకు ఈ చర్చ చూపించను, నెల రోజులు వినాల్సి వస్తుంది. రాతిపిచ్చి గారూ, ఆ కావడి మనిషి మెట్లకు ఏ వైపున ఉంటాడు?