తెలుగు వికీలో రసాయన శాస్త్ర చరిత్ర: సుబ్బారావు గారితో మొదలెట్టొచ్చా?

యనమదుర్రు:
భీమవరంలో డిగ్రీ కెమిస్ట్రీ పిల్లలు ఇరవై మంది దాకా తెలుగు వికీపీడియాలో రాస్తామంటున్నారు. ఈ ఊళ్లోనే పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారితో మొదలెట్టాలని వాళ్ల ఉబలాటం. ఇంగ్లీషు పేజీని అనువాద పరికరంలో వేసి దిద్దితే సరిపోతుందా? బొమ్మకి 1995 తపాలా బిళ్ల ఎక్కించొచ్చా?

గొంతేరు:
ఇరవై మందీ ఆయన జీవిత చరిత్ర పేజీ మీదే పడొద్దండీ. ఒకరు భద్రపరిచేలోగా ఇంకొకరు దిద్దితే రాసిందంతా మళ్లీ కలుపుకోవాలి. ఆయన చేసిన రసాయన పరిశోధనల మీద తలా ఒక పేజీ పట్టుకోండి.

ముందు 1925 నాటి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి, అంటే ఫాస్ఫేటు ఎంతుందో కొలవడానికి ఆయన సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి చేసింది. నమూనాలోని ప్రోటీన్లని ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో విరిచి వడపోస్తారు. వడపోసిన ద్రవానికి ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లం వస్తుంది. దాన్ని అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం క్షయకరణం చేస్తే నీలం తేలుతుంది. ఫాస్ఫేటు ఎంతుంటే నీలం అంత చిక్కన. ఇక్కడితో ఆపేస్తే అది ల్యాబ్ రికార్డు, చరిత్ర కాదు. కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ నీలం ఆలస్యంగా ముదిరింది. క్రియాటిన్‌తో కలిసి ఉన్న ఫాస్ఫేటు ఆ ఆమ్లంలో మెల్లగా విడిపోవడమే కారణం. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే ఆ జంట పదార్థం బయటపడింది ఆ ఆలస్యాన్ని పట్టుకునే. ఈ రెండు పేజీల మధ్యా లింకు ఉండి తీరాలి.

కోటిపల్లి రేవు:
ఎవరి వాటా ఎంతో కూడా రాయండి. "ఏటీపీని (కణాలకి శక్తినందించే పదార్థం) సుబ్బారావు ఒక్కరే కనిపెట్టారు" అంటే ఎవరో ఒకరు ఆ మార్పుని వెనక్కి తిప్పేస్తారు, తిప్పాలి కూడా. జర్మనీలో లోమాన్ పత్రం 1929 ఆగస్టుది, ఫిస్కే–సుబ్బారావులది అదే ఏడాది అక్టోబరుది; ఎవరికి వారే చేశారు. ఫాస్ఫోక్రియాటిన్ దగ్గర ఇంగ్లండులోని ఎగిల్టన్ దంపతుల పేరు వదలకూడదు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ డగ్గర్‌ది, సుబ్బారావు అప్పుడు లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో పరిశోధన విభాగాధిపతి. ఈ మాటలు రాస్తే ఆయన చిన్నబోరు. ఏం ప్రచురించారనడానికి అసలు పత్రం చాలు గానీ, ఎవరు ముందు అన్నదానికి తర్వాతి చరిత్రకారుల పుస్తకమో సమీక్షా వ్యాసమో మూలంగా ఇవ్వాలి.

బోదకాలుకి మన జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ (డైఇథైల్ కార్బమజైన్) మాత్ర 1947లో ఆయన హయాంలోనే లెడర్లీ నుంచి వచ్చింది. బోదకాలు వ్యాసంలో ఈ ఒక్క వాక్యం మూలంతో చేర్చినా, రెండు మూడు వాక్యాల కొత్త మొలక పేజీలు పది పెట్టినదానికంటే మేలు.

యనమదుర్రు:
మరి బిళ్ల సంగతి? అనువాదం సంగతి?

గొంతేరు:
బిళ్ల వద్దు. ప్రభుత్వ ప్రచురణకి 60 ఏళ్ల కాపీరైటు, అంటే 2055 ఆఖరు దాకా. బొమ్మ మీరే తీయండి. రొయ్యల చెరువు నీళ్లకి చేసే ఫాస్ఫేటు పరీక్షా మాలిబ్డినం నీలమే, క్షయకరణికి ఆస్కార్బిక్ ఆమ్లం వాడతారు. లీటరుకి 0, 0.25, 0.5, 1 మిల్లీగ్రాము ఫాస్ఫరస్ ఉండేలా నాలుగు గొట్టాలు కట్టి, వెనక తెల్ల కాగితం పెట్టి, రంగు వచ్చిన 10–30 నిమిషాల మధ్య ఫొటో తీసి వికీ బొమ్మల భాండారం కామన్స్‌లో పెట్టండి. ఏ క్షయకరణి వాడారో వివరణలో చెప్పాలి. గాజుసామాను సబ్బుపొడితో కడిగితే అందులోని ఫాస్ఫేటుకి సున్నా గొట్టం కూడా నీలమెక్కుతుంది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తొలవండి.

అనువాద పరికరం వాడొచ్చు. యంత్రం ఇచ్చింది ఇచ్చినట్టే ఎక్కువ ఉంచితే ఆ పరికరమే ప్రచురించనివ్వదు. మూలాలు సరిగా రాకపోతే పరిశోధన పత్రానికుండే గుర్తింపు సంఖ్య డీఓఐ ఇచ్చి మళ్లీ చేర్చుకోండి. పరికరం లేకుండా చేత్తో అనువదిస్తే దిద్దుబాటు సారాంశంలో ఇంగ్లీషు పేజీ లింకు తప్పనిసరి.

కోటిపల్లి రేవు:
ఇంకోటి. ఒకే ఐపీ చిరునామా (నెట్ కనెక్షన్ గుర్తింపు సంఖ్య) నుంచి వికీపీడియా రోజుకి 6 ఖాతాలే తెరవనిస్తుంది. కాలేజీ వైఫై మీద ఏడో కుర్రాడి దగ్గర ఆగిపోతుంది. ఖాతాలు ముందురోజే ఇళ్ల దగ్గర తెరిపించండి.