షేర్డ్ డ్రైవ్‌లో పర్మిషన్ల గొడవ: 777 పెట్టేసి ఊరుకోవడం తప్పా?

కొత్త_అడ్మిన్

లినక్స్ సర్వర్ మీద ఒక ఫోల్డర్‌ని సాంబాతో (విండోస్ పద్ధతిలో ఫైళ్లు పంచే ప్రోగ్రాము) షేర్ చేశాం. విండోస్ వాళ్లు, మ్యాక్ వాళ్లు అందులోనే పనిచేస్తారు. లినక్స్ వాడే ముగ్గురు అదే ఫోల్డర్‌ని ఎన్ఎఫ్ఎస్‌లో (నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకునే ఇంకో పద్ధతి) మౌంట్ చేసుకుంటారు, అంటే తమ మెషీన్‌కు తగిలించుకుంటారు. ఒకరు సేవ్ చేసిన ఫైలు ఇంకొకరికి తెరుచుకుంటుంది గానీ, మార్చి సేవ్ చేయబోతే పర్మిషన్ లేదంటుంది. విసుగొచ్చి ఫోల్డర్ మొత్తానికి సీహెచ్‌మోడ్ (పర్మిషన్లు మార్చే కమాండు) 777 కొట్టాను, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేశాను. రెండు రోజులు హాయిగా నడిచింది, మూడో రోజు మళ్లీ మొదటికొచ్చింది. మా సీనియర్ గారేమో "రోజూ రాత్రి 777 కొట్టేలా క్రాన్ (అనుకున్న వేళకు కమాండును దానంతటదే నడిపేది) పెట్టెయ్, బయటివాళ్లెవరూ రారు కదా" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు, కానీ ఎందుకు వద్దో ఆయనకు చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

పాత_సర్వర్

ముందు అది మూడో రోజుకే ఎందుకు చెడిందో చూడండి. సీహెచ్‌మోడ్ ఇప్పుడున్న ఫైళ్లకే వర్తిస్తుంది, రేపు పుట్టే ఫైళ్లకు కాదు. పైగా చాలా ఆఫీసు ప్రోగ్రాములు సేవ్ నొక్కగానే పాత ఫైలు మీద రాయవు. పక్కన తాత్కాలిక ఫైలు ఒకటి రాసి, పాతదాన్ని తీసేసి, కొత్తదానికి ఆ పేరు పెడతాయి. చూసేవాళ్లకు అదే ఫైలు, డిస్కుకు మాత్రం కొత్తది. దానికి కొత్త ఓనరు, కొత్త పర్మిషన్లు. సాంబాలో క్రియేట్ మాస్క్ (కొత్త ఫైలుకు ఏ హక్కుల వరకు ఉండొచ్చో చెప్పేది) మామూలుగా 0744. చివరి మూడంకెలు వరసగా ఓనరుకు, గ్రూపుకు, మిగతా అందరికీ; 4 చదవడం, 2 రాయడం, 1 నడపడం, వీటిని కూడితే ఆ అంకె. అంటే ఓనరు తప్ప ఇంకెవరూ రాయలేరు. ఎన్ఎఫ్ఎస్‌లో వచ్చేవాళ్ల యూమాస్క్ (కొత్త ఫైలుకు ఏ హక్కులు తీసేయాలో చెప్పేది) 022 అయితే ఫైలు 644తో పుడుతుంది, ఫలితం అదే. క్రాన్ పెడితే రాత్రి సరిచేసింది పొద్దున్నే చెడుతుంది. చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

ఇక భద్రత సంగతి. 777 అన్నది మీ టీముకే పరిమితం కాదు, ఆ సర్వర్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాముకూ తలుపు తీసినట్టు. అదే మెషీన్ మీద వెబ్ సర్వర్ ఉండి, దాంట్లో ఎవరైనా దూరితే మీ ఫైళ్లన్నీ వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఫోల్డర్ మీద రాసే హక్కు ఉంటే చాలు, లోపలి ఫైలు తనది కాకపోయినా చెరిపేయొచ్చు. ఈ సంగతి చాలామందికి పట్టదు.

రాత్రి_డ్యూటీ

777 వద్దన్న మాట ఒప్పుకుంటాను. కానీ చిన్న టీముకు గ్రూపులు, ఏసీఎల్‌లు (ఒక్కొక్కరికీ విడిగా హక్కులిచ్చే జాబితాలు) అంటూ భారం పెంచకండి. సాంబాలో ఫోర్స్ యూజర్ అని ఒక లైను రాస్తే సరిపోతుంది. ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్లే లాగిన్ అవుతారు, వ్యాలిడ్ యూజర్స్ (ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితా) తనిఖీ మామూలుగానే జరుగుతుంది. డిస్కు మీద రాసేది మాత్రం ఒకే యూజరు. ఓనర్లే వేరు కానప్పుడు గొడవెక్కడిది? అందరూ అన్ని ఫైళ్లూ మార్చాల్సిన చోట ఇంతకంటే ఏం కావాలి?

పాత_సర్వర్

రెండు ఇబ్బందులున్నాయండి. ఒకటి, ఫైలును చివరగా ఎవరు మార్చారో ఓనరు పేరు చూసి చెప్పలేం. రెండోది ఇంకా పెద్దది: ఆ ముగ్గురు లినక్స్ వాళ్లు సాంబా గుండా రావట్లేదు. ఎన్ఎఫ్ఎస్‌కు ఫోర్స్ యూజర్ గురించి ఏమీ తెలియదు.

రాత్రి_డ్యూటీ

మొదటిదానికి దారుంది. సాంబాలో ఫుల్ ఆడిట్ మాడ్యూల్ (ఎవరేం చేశారో లాగ్ రాసేది) పెట్టి, లాగ్ లైను మొదట్లో వచ్చే ప్రిఫిక్స్‌లో పెద్ద యూ (%U) వాడండి. చిన్న యూ రాస్తే ఫోర్స్ చేసిన పేరే లాగ్‌లో పడుతుంది, పెద్ద యూ రాస్తే లాగిన్ అయిన మనిషి పేరు పడుతుంది. రెండోది మాత్రం మీరన్నది నిజం, ఎన్ఎఫ్ఎస్ ఉందన్న సంగతి నేను సరిగా చదవలేదు.

రెండు_దారులు

ఎన్ఎఫ్ఎస్ దగ్గరే అసలు చిక్కు. మామూలు సిస్ (sec=sys) పద్ధతిలో క్లయింటు, అంటే వాడేవాళ్ల మెషీన్, పంపేది పేరు కాదు, ఆ మెషీన్ యూజరుకు ఇచ్చుకున్న యూఐడీ నంబరు. ఉబుంటులో మొదటి యూజరు నంబరు 1000, మ్యాక్‌లో 501. ఇద్దరి ల్యాప్‌టాపుల్లోనూ నంబరు 1000 అయితే సర్వర్‌కు ఇద్దరూ ఒకరే. ఒకే మనిషి వేర్వేరు నంబర్లున్న రెండు మెషీన్ల నుంచి వస్తే ఇద్దరిలా కనిపిస్తాడు. సర్వర్‌లో ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండు, ls -l) కొట్టి చూడండి, ఓనరు ఉండాల్సిన చోట పేరు లేకుండా ఉత్త నంబరు కనిపిస్తే కారణం ఇదే.

ఆ ముగ్గురినీ కూడా సాంబాలోకే తెచ్చేయండని నా సలహా. దారి ఒకటే అయితే నియమాలు ఒకేచోట ఉంటాయి. ఎన్ఎఫ్ఎస్ తప్పనిసరైతే యూఐడీలన్నీ ఒకటిగా చేయాలి, లేదా ఆల్ స్క్వాష్ (వచ్చినవాళ్లందరినీ ఒకే యూజరుగా చూడటం) పెట్టి అనాన్ యూఐడీ (ఆ యూజరు నంబరు) ఇవ్వాలి. అది ఎన్ఎఫ్ఎస్ వైపు ఫోర్స్ యూజర్ లాంటిదే.

ఒక్క జాగ్రత్త. లినక్స్‌లో సాంబా షేర్‌ని సిఫ్స్‌గా మౌంట్ చేసేటప్పుడు ఇచ్చే యూఐడీ, ఫైల్ మోడ్ ఆప్షన్లు ఆ మెషీన్‌లో ఎలా కనబడాలో చెప్పేవి మాత్రమే. అక్కడ సీహెచ్‌మోడ్ కొడితే ఎర్రర్ రాకపోవచ్చు, సర్వర్‌లో మాత్రం సాధారణంగా ఏమీ మారదు. దీని మీద నేను ఒక రోజంతా పోగొట్టుకున్నాను. మార్పు ఏదైనా సర్వర్‌లోనే చేయండి.

పాత_సర్వర్

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అందరూ సాంబాలోకి వచ్చాక కూడా నేను ఫోర్స్ యూజర్ కంటే గ్రూపునే ఎంచుకుంటాను. టీముకొక గ్రూపు, ఫోల్డర్లకు 2770. ఆ ముందున్న 2 సెట్‌జీఐడీ బిట్, దానివల్ల లోపల పుట్టే ప్రతి ఫైలుకూ ఫోల్డర్ గ్రూపే వస్తుంది. సాంబాలో ఫోర్స్ క్రియేట్ మోడ్ 0660, ఫోర్స్ డైరెక్టరీ మోడ్ 2770 (కొత్త ఫైళ్లకు, ఫోల్డర్లకు ఈ హక్కులు తప్పక ఉండేలా చేసేవి). అదర్స్‌కు (ఓనరు, గ్రూపు కాని మిగతావాళ్లకు) ఏమీ మిగలకుండా క్రియేట్ మాస్క్, డైరెక్టరీ మాస్క్ కూడా అవే పెట్టండి. రేపు అకౌంట్స్ ఫోల్డర్ నలుగురికే ఉండాలంటే ఫోర్స్ యూజర్ షేర్‌లో ఇరుక్కుపోతారు, గ్రూపుంటే ఇంకో గ్రూపు చేర్చుకుంటే సరి.

ఒకటి గుర్తుంచుకోండి. అదే డిస్కులో వేరే చోటి నుంచి మూవ్ చేసిన ఫైలు పాత గ్రూపుతోనే వస్తుంది. కాపీ చేస్తే కొత్తగా పుడుతుంది కాబట్టి సరైన గ్రూపు వస్తుంది.

రాత్రి_డ్యూటీ

అకౌంట్స్ ఉదాహరణతో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎప్పటికీ విడదీయరని ఖాయంగా తెలిసిన ఫోల్డర్లకు మాత్రం ఫోర్స్ యూజరే చాలని ఇప్పటికీ అంటాను.

కొత్త_అడ్మిన్

ఎల్ఎస్ కొట్టి చూస్తే నిజంగానే కొన్ని ఫైళ్లకు ఓనరు స్థానంలో 1001 అని నంబరే ఉంది. ఈ శనివారం ముగ్గురినీ సాంబాకు మారుస్తున్నాను, సీనియర్ గారు కూడా సరేనన్నారు. ఇంకొక్కటి అడగాలి. 777 వల్ల ప్రతి డాక్యుమెంటుకూ ఎగ్జిక్యూట్ బిట్ (ప్రోగ్రాములా నడిపే హక్కు, ఎక్స్) పడింది. పెద్ద ఎక్స్‌తో (X) సీహెచ్‌మోడ్ కొట్టి చూశాను, ఫైళ్లకు అది పోవడం లేదు.

పాత_సర్వర్

పోదు. పెద్ద ఎక్స్ అంటే ఫోల్డర్లకు, ఇంకా ముందే ఎక్స్ ఉన్న ఫైళ్లకు ఇవ్వమని అర్థం. 777 వల్ల అన్నిటికీ ముందే ఉంది. ఫైండ్ కమాండుతో ఫైళ్లను, ఫోల్డర్లను విడదీసి ఫైళ్లకు 660, ఫోల్డర్లకు 2770 కొట్టండి. నిజంగా నడవాల్సిన స్క్రిప్టులేవైనా ఉంటే ముందే జాబితా రాసుకోండి, తర్వాత వాటికి మాత్రం ఎక్స్ తిరిగి ఇవ్వాలి.